పెళ్లికొడుకుగారి పెద్దబావ

పెళ్లికొడుకు అలకపాన్పు ఎక్కినా ఉంగరం చూపిస్తే దిగుతాడు. వాళ్ల పెద్దబావగారు ఎక్కితే దిగరు. విడిదికి హోటల్ మాట్లాడామని ఆడపెళ్లివారు ఫోన్ చెయ్యగానే ఆయన అడిగేది ఒక్కటే: "రూమ్స్ విత్ కనెక్టింగ్ డోర్ కదా?"

పక్కపక్క గదులు చాలవు. మధ్య గోడకు తలుపుండాలి. ఎందుకో చెప్పరు, మగపెళ్లివారు కారణాలు చెప్పడం ఎక్కడైనా ఉందా? ఒక గదిలో పేకాట, రెండో గదిలోంచి కారిడార్ ఎరక్కుండా కాఫీలు... అని మనం ఊహించుకోవాల్సిందే.

ఈయన పుట్టింది మండువా లోగిట్లో. వీధి గుమ్మంలో నిలబడితే వరసగా గుమ్మాలన్నీ దాటి చూపు పెరట్లో బావి దాకా పోయేది. ఏ గదిలో కూర్చున్నా ఎవరో ఒకరు దాటుకుంటూ పోతారని విసిగి, పట్నంలో ఫ్లాట్ కొన్నారు. ఇంట్లో తలుపులు సరిసంఖ్యలో ఉండాలి, లెక్క చివర సున్నా రాకూడదు అన్నాడు వాస్తు సిద్ధాంతి. లెక్క కుదరడానికి రెండు గదుల మధ్య ఒక తలుపు పెట్టించి, దానికి అడ్డంగా బీరువా నిలబెట్టారు. సొంతింట్లో అక్కర్లేని తలుపు విడిదిలో మాత్రం కావాలి!

అలాంటి గదులు ఏ హోటల్లోనైనా కొద్దిగానే ఉంటాయి. మాఘమాసం ముహూర్తాల్లో అవి దొరకబుచ్చుకోవడానికి పిల్ల తండ్రి పడే పాట్లు పగవాడికి వద్దు. ఎలాగో దొరికాయి. పెద్దబావగారు దర్జాగా గడియ తీశారు. ఎదురుగా ఇంకో తలుపు! అవి రెండు తలుపులు మరి, ఒకదాని వెనక ఒకటి. ఎవరి గడియ వారి గదిలోనే.

అవతలి గదిలో దిగింది చిన్నబావగారు. తోడల్లుళ్లిద్దరికీ మాటల్లేవు, ఎవరికి ముందు కాళ్లు కడిగారన్న తగాదా పాత పెళ్లి నుంచీ నడుస్తోంది. ఆయన గడియ తియ్యరు, ఈయన తట్టరు. మాటలు మాత్రం చక్కగా వినిపిస్తున్నాయి. చిన్నబావగారు ఫోన్‌లో ఎవరికో చెబుతున్నారు: "అబ్బే, పెద్ద గది నాకే ఇచ్చారు. ఆయనది పక్కనే, చిన్నది."

అర్ధరాత్రి పిల్ల తండ్రికి ఫోన్: "బాబాయిగారూ, గోడలో ఈ తలుపేమిటండీ? పెళ్లివారికి ఇలాంటి గదులా ఇచ్చేది?"