రోడ్డు రోలరు గారి సముఖానికి రెండు గొట్టాల విన్నపం

మహారాజశ్రీ రోడ్డు రోలరు గారికి,

బండి మోత విషయంలో ఆఖరి తీర్పు తమరిదే అయిపోయింది కాబట్టి, కింది అధికారులను దాటుకుని నేరుగా తమరికే రాస్తున్నాను. చట్టం చేసింది పార్లమెంటు, నిబంధనలు రాసింది కేంద్ర ప్రభుత్వం, బండి ఆపేది ట్రాఫిక్ పోలీసు, ఫిట్‌నెస్ చూసేది బ్రేక్ ఇన్‌స్పెక్టర్. కానీ విశాఖలో గానీ మరో నగరంలో గానీ, పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి, కెమెరాలన్నీ సర్దుకున్నాక, అప్పీలుకు తావు లేకుండా తేల్చేసేది తమరే. ముందే ఒక మాట చెప్పేస్తాను. అర్ధరాత్రి వీధిలో టపాకాయలు పేలుస్తూ పోయే బుల్లెట్ల తరఫున ఇది వకాల్తా కాదు. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. లోపలి జాలీ పీకేసిన సైలెన్సర్‌తో ఒక్క బండి పోతే చాలు, ఆ లెక్క గాలికి పోతుంది. పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు, ముసలివాళ్లు లేచి కూర్చుంటారు. అలాంటివాటిని తమరు చదును చేస్తే అయ్యో అనేవాళ్లు ఎవరూ ఉండరు. నా పేచీ నలగ్గొట్టడం మీద కాదు, ఏది నలగాలో తేల్చే పద్ధతి మీద. తమరికి బరువుంది గానీ చెవులు లేవు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది ఎవరిచేతనైనా చదివించుకుని చూడండి. ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలి, ఇంజన్‌లోంచి వాయువులు బయటికి తన్నుకొచ్చేటప్పుడు పుట్టే మోతను అది వీలైనంత తగ్గించాలి అంటుంది. ఎన్ని గొట్టాలుండాలో చెప్పదు. ఎంత మెరవాలో, ఎంత లావుండాలో కూడా చెప్పదు. చెప్పేదల్లా అంకెలు: 175 సీసీ దాటిన మోటారు సైకిల్‌కు 80 డెసిబెల్స్, కారుకు 74. ఎలా కొలవాలో కూడా రాసే ఉంది. బండి వేగం పుంజుకుంటూ పోతుంటే దారి మధ్య గీతకు ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి వినాలి. నిలబెట్టిన బండికి ఇంకో పద్ధతి: గొట్టం నోటికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. ఏడున్నర మీటర్ల పరిమితిని పట్టుకొచ్చి గొట్టం నోటి దగ్గర మీటరు పెడితే, షోరూమ్ నుంచి పూలదండతో అప్పుడే బయటికొచ్చిన బండి కూడా దోషిగా తేలుతుంది. చట్టం ఇంత పట్టింపుగా చెవి గురించి మాట్లాడుతుంటే, రోడ్డు మీద తీర్పు మాత్రం కంటితో జరిగిపోతోంది. గొట్టం లావుగా ఉంది, మెరుస్తోంది, ఒకటికి రెండున్నాయి, కాబట్టి పక్కన పెట్టు.

కంటికి దోషిగా, చెవికి నిర్దోషిగా కనబడే ముద్దాయి ఒకరిని తమరి ముందు నిలబెడతాను. రెండు పొగగొట్టాలు వేయించుకున్న పికప్ ట్రక్కు. ఈ సోకుకు పుట్టిల్లు అమెరికా. అక్కడి ఫోర్డ్ ఎఫ్-150, షెవ్రొలే సిల్వరాడో లాంటి పికప్‌లలో వీ8 ఇంజన్ అంటే నాలుగేసి సిలిండర్ల రెండు వరసలు, వరసకొక మ్యానిఫోల్డు. పొగకు పుట్టుకతోనే రెండు దారులు. చాలా బళ్లలో కంపెనీ ఆ రెంటినీ తెచ్చి ఒకే సైలెన్సర్‌లో కలిపేసి, వెనక ఒక్క గొట్టంతో వదిలేస్తుంది. పనితెలిసిన మేస్త్రీ క్యాటలిటిక్ కన్వర్టర్ల జోలికి పోడు. అవి తీసేస్తే అక్కడి ఫెడరల్ చట్టం ఊరుకోదు. వాటి వెనక నుంచి మాత్రం రెండు దారులనూ విడివిడిగా నడుపుతాడు. 3 అంగుళాల గొట్టం ఒకటి తీసేసి రెండున్నర అంగుళాలవి రెండు వేస్తే పొగ పారే వైశాల్యం 39 శాతం దాకా పెరుగుతుంది. రెండుంపావు అంగుళాలవి వేస్తే 12 శాతమే. గొట్టాన్ని మామూలు ప్రెస్సులో వంచితే వంపు దగ్గర నొక్కుకుపోయి ఆ లాభం కాస్తా అక్కడే పోతుంది, అందుకే లోపల మ్యాండ్రిల్ పెట్టి వంచుతారు. ఆ వీ8లో ఒక్కో వరస సిలిండర్లు సమానమైన ఎడంతో పేలవు. విడిగా వదిలేస్తే గొట్టాలు గుడగుడలాడతాయి. మధ్యలో ఎక్స్ ఆకారపు ముక్కతో రెంటినీ కలిపితే ఆ ఎగుడుదిగుడు సర్దుకుంటుంది.

అసలు సంగతి దాని తర్వాత ఉంది. 2000 ఆర్‌పీఎం దగ్గర వీ8 సెకనుకు 133 సార్లు పేలుతుంది. హైవే మీద నిలకడగా పోయేటప్పుడు ఆ హోరు క్యాబిన్‌లో తిష్ఠ వేస్తే గంటసేపు కూడా భరించలేరు. దానికి మేస్త్రీలు చేసే వైద్యం, చివర మూసేసిన మీటరు పొడవు పక్కగొట్టం ఒకటి అతికించడం. తరంగం అందులోకి పోయి, గోడకు తగిలి, సరిగ్గా ఎదురుతిరిగి వచ్చి అసలు తరంగాన్ని మింగేస్తుంది. అంటే గొట్టం పెరిగింది, మోత తగ్గింది. గొట్టాలు లెక్కపెట్టి శిక్ష వేసేవారి దృష్టిలో ఇది మూడో నేరం.

మన దేశానికి వద్దాం. ఇక్కడ సోకు కోసం కొనే పికప్‌లు ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్. రెంటిలోనూ ఉన్నది వరసగా నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, దానికి ఒక్క టర్బో. నాలుగింటి పొగా ఆ ఒక్క టర్బోలోంచే బయటికి రావాలి, కాబట్టి అమెరికా వాళ్లు చెప్పుకునే అసలు సిసలు జంట గొట్టాలు ఇక్కడ కుదరనే కుదరవు. ఎవరు వేసినా చివర్లో ఒకటిని రెండుగా చీల్చడమే. దానివల్ల ఇంజన్ బలం పెరుగుతుందని దుకాణాల వాళ్లు చెప్పే మాట పట్టించుకోనక్కర్లేదు. అది అలంకారం, అంతే. కానీ అలంకారం నేరమెప్పుడైంది? రెండు గొట్టాలంటే రెండింతల మోత అనుకోవడం లెక్క తెలియకపోవడమే. ఒక బిందె నీళ్లు రెండు చెంబుల్లో పోస్తే నీళ్లు పెరుగుతాయా? పోనీ, నిజంగానే అంతే మోత చేసేది ఇంకొకటి పక్కన చేరిందనుకుందాం. డెసిబెల్ లెక్కలో పెరిగేది మూడే. చెవికి రెండింతలుగా వినిపించాలంటే పది పెరగాలి. అటువైపు చూడండి: కంపెనీ సైలెన్సర్‌నే పట్టుకుని, వెనక నుంచి కడ్డీ దింపి లోపలి తడికెలన్నీ చిల్లులు పొడిచిన బండి ఉంటుంది. పైన కంపెనీ ముద్ర చెక్కుచెదరదు, తుప్పు కూడా అసలుదే. వీధి మొత్తం లేచేది దానికి. కంటితో చూసే తనిఖీలో అది దర్జాగా దాటిపోతుంది, గుట్టుగా గురకపెట్టే జంట గొట్టాల పికప్ పట్టుబడుతుంది.

అలాగని జంట గొట్టాల వాళ్లందరినీ వదిలెయ్యమని కాదు. పని తెలియనివాడి చేతిలో ఇది ప్రమాదమే. వాళ్లను పట్టడానికి కావలసిన నిబంధనలు ఇప్పటికే ఉన్నాయి, చదివేవాళ్లే తక్కువ. 112వ నిబంధన ప్రకారం పొగ కిందికి గానీ ఎడమ పక్కకు గానీ వదలకూడదు. కుడి పక్కకో వెనక్కో పోవాలి. ఎడమన నడిచేవాళ్లుంటారు కదా. అమెరికా ఫొటోలు చూసి వెనక చక్రాల పక్కనుంచి చెరో వైపుకీ గొట్టాలు తిప్పిన బండి ఇక్కడ మీటరు పెట్టకముందే తప్పు చేసినట్టు. 113వ నిబంధన ప్రకారం ఇంధనం పారే గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు పొగగొట్టం రాకూడదు. పికప్ కిందికి దూరి చూస్తే ఈ అంకె విలువ తెలుస్తుంది. చాసీ, డీజిల్ ట్యాంకు, ప్రొపెల్లర్ షాఫ్టు, కమాన్ కట్టలు, వెనక వేలాడే స్టెప్నీ, వీటన్నిటి సందుల్లోంచి రెండో గొట్టాన్ని అటువైపుకి దాటించాలి. అది యాక్సిల్ మీదుగా పోయే చోట, గోతిలో పడి యాక్సిల్ పైకి లేచినా తగలనంత ఎడం వదలాలి. మూడు మీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టం రెండు వందల డిగ్రీలు వేడెక్కితే ఒక సెంటీమీటరు సాగుతుంది. అందుకే తెలిసినవాడు రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడదీస్తాడు, తెలియనివాడు చాసీకి ఇనప పట్టీతో వెల్డింగ్ కొట్టేస్తాడు. కొన్నాళ్లకు అతుకు చీలి, పొగ క్యాబిన్ కిందికి చేరుతుంది. ఇక 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బళ్లలో మసిని పట్టే ఫిల్టర్ పీకి, సెన్సర్‌ను ఏమార్చి గొట్టాలు వేసేవాళ్ల మీద నాకు రవ్వంత జాలి లేదు. ఇవన్నీ వంగి, టార్చి వేసి, టేపు పెట్టి చూసే పనులు. తమరి చక్రం కిందికొచ్చిన ముక్కను చూసి ఇందులో ఒక్కటీ చెప్పలేరు.

తమరి పక్షాన మాట్లాడేవాళ్లు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చదువుతారు. తయారీదారు చెప్పినదానికి భిన్నంగా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది, ఇక కొలతల గోల దేనికని అడుగుతారు. నిజమే. ఈ రోజున్న చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు తప్పే, 182-ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది. కానీ అదే చట్టం సీఎన్‌జీ కిట్‌కు దారి చూపించింది. ఆమోదం పొందిన కిట్ బిగించుకుని, ఆర్సీలో రాయించుకుంటే ఎవరూ ఏమీ అనరు. మండే వాయువును డిక్కీలో పెట్టుకు తిరగడానికి దొరికిన మర్యాద, సైలెన్సర్ ముక్కకు దొరకకూడదా? ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల్లో 59వది కార్లకు, చిన్న సరుకు బళ్లకు మార్చి బిగించే సైలెన్సర్లకు, 92వది మోటారు సైకిళ్ల వాటికి. పరీక్ష నెగ్గిన సైలెన్సర్ మీద ఆమోదముద్ర ఉంటుంది. ముద్ర లేకపోతే తప్పు, ఉంటే మీటరు పెట్టి చూడు. మన దగ్గర ఆ దారి తెరిస్తే జంట గొట్టాల వాడు దొంగచాటుగా కాక దరఖాస్తు పట్టుకుని వస్తాడు. అప్పుడు నలగ్గొట్టడానికి అసలు దోషులే మిగులుతారు.

మీటర్లు పెట్టుకుని కూర్చునే తీరిక నడిరోడ్డు మీద పోలీసుకు ఎక్కడిదన్నది రెండో అభ్యంతరం. దీనికి కాలిఫోర్నియా వాళ్లు ఒక మధ్యేమార్గం పట్టారు. అక్కడా పోలీసు ముందు చెవితోనే టికెట్ రాస్తాడు. 2019 నుంచి ఆ టికెట్‌ను బాగుచేయించి తప్పించుకునే వెసులుబాటు కూడా తీసేశారు. అయితే టికెట్ పడినవాడు రెఫరీ స్టేషన్‌కు పోయి కొలిపించుకోవచ్చు. ఆరు వేల పౌండ్ల లోపు బండి 95 డెసిబెల్స్ దాటకపోతే సర్టిఫికెట్ చేతికిస్తారు. పెద్ద పికప్‌లు చాలావరకు ఆ బరువు దాటిపోతాయి, కాబట్టి అక్కడి ఏర్పాటూ సర్వాంగసుందరమేమీ కాదు. అయినా ముక్క నలిగే ముందు ఒక అంకె పుడుతుంది. మన జిల్లా కేంద్రాల ఆర్టీవో ఆఫీసుల్లో అలాంటి మీటరు ఒకటి, అది నడపడం తెలిసిన మనిషి ఒకరు ఉంటే సగం తగువు తీరిపోతుంది. పరీక్షకు వచ్చేటప్పుడు జాలీ బిగించి, బయటికి పోయాక పీకేస్తారన్న అనుమానం సబబైనదే. దానికీ మందుంది: చేత్తో ఊడివచ్చే జాలీ ఉన్న సైలెన్సర్‌ను కొలవకుండానే తిరస్కరించడం. ఈ ఒక్క విషయంలో కంటికి ఓటేస్తాను.

చివరిగా, తమరి కింద నలిగేది ఎవరి సొత్తో కూడా చూడండి. కొన్నవాడిది. ఇందోరీ, పంజాబీ, డాల్ఫిన్ అంటూ పేర్లు పెట్టి అద్దాల్లో వేలాడదీసి అమ్మేవాడి షట్టర్ మర్నాడు మామూలుగానే లేస్తుంది. 182-ఏలో విడిభాగాల గురించిన మాట ఉన్నా, అది భద్రతకు కీలకమని కేంద్రం ప్రకటించిన భాగాల అమ్మకానికే. యజమానికి మాత్రం అటు మార్పుకు జరిమానా, ఇటు 190 కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. ఆమోదముద్ర పద్ధతి పెడితే ముద్ర లేని సరుకును దుకాణంలోనే పట్టొచ్చు, తమరు ఊరంతా తిరగాల్సిన పని తప్పుతుంది.

కాబట్టి ఈసారి ప్రదర్శన పెట్టేటప్పుడు, సైలెన్సర్లు బండ్ల నుంచి ఊడదీయక ముందే, మీటరు తెప్పించి వరసగా నిలబెట్టి కొలిపించమని నా మనవి. ముందు జంట గొట్టాల పికప్, దాని వెనక కంపెనీ ముద్రతో ఉన్న చిల్లుల సైలెన్సర్ బుల్లెట్. మూడో స్థానంలో, కాదనుకోకపోతే, డీజిల్ పొగ వదులుతూ తమరే నిలబడాలి: గొట్టం నోటికి అర మీటరు, 45 డిగ్రీలు. వచ్చిన మూడు అంకెలనూ ఆ కెమెరాల ముందే పలకమీద రాయించండి.

ఇట్లు,
చెవులున్న ఒక విధేయుడు