పెట్టె చేయాలంటే కొలతలు తీయకండి

జ్ఞాపకాలు దాచుకునే చెక్కపెట్టెను అందరూ కొలతలతోనే మొదలుపెడతారు. నాలుగు పలకలు కోసి, బిగించి, ఆఖర్న చుట్టూ చెక్కుడు బీడింగ్ వేద్దామంటారు. అలా వద్దు. టేపు పక్కన పడేసి ముందు బీడింగ్ చెక్కండి. పెట్టె ఎంతుండాలో అదే చెబుతుంది.

మీ చేతికి తామరపువ్వు 2 సెం.మీ. వెడల్పున కుదురుగా వచ్చిందనుకోండి. పొడుగు వైపు 12 పువ్వులు, పొట్టి వైపు 8. బయటి అంచు 24, 16 సెం.మీ. బీడింగ్ మందం 1 సెం.మీ. అయితే రెండు పక్కలా అది తీసేయగా పెట్టె 22, 14. రంపం కోతకు మూలల దగ్గర పువ్వుకీ పువ్వుకీ మధ్య 2 మి.మీ. వదలండి. ముందే కొలతలు తీసి చేసిన పెట్టెల మూలలు చూడండి. పువ్వు సగానికి తెగిపోయి ఉంటుంది. ఎంత మంచి పనితనమున్నా కన్ను అక్కడే ఆగుతుంది.

ఉలికి తేలిగ్గా లొంగే కర్ర కొనకండి. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి, ఏటికొప్పాక బొమ్మల అంకుడు మెత్తటివి; బొమ్మకు బాగుంటాయి, రోజూ చెయ్యి తగిలే అంచుకు నిలవవు. పాత ద్వారబంధం టేకు దొరికితే వదలొద్దు. మేకులన్నీ పీకాకే ఉలి పెట్టండి.

మూలలో సందు వస్తే పుట్టీ కూరొద్దు. 45 డిగ్రీల కోత ఒక్కోటి అర డిగ్రీ తప్పినా, ఎనిమిది కోతలకు నాలుగు డిగ్రీలు. మళ్లీ కోయండి. వైపుకో పువ్వు పోతుంది, పెట్టె చిన్నదవుతుంది. అవనివ్వండి! పుట్టీ పెట్టిన పెద్ద పెట్టె కంటే అతుకు కనపడని చిన్న పెట్టె నాకు వెయ్యి రెట్లు ఇష్టం.

ఇక మూత. విడిగా చేయకండి. పైనా కిందా పలకలు పెట్టి, ఎటూ తెరుచుకోకుండా పెట్టెను పూర్తిగా మూసేయండి. ఆ పలకలకు మాత్రం ఫెవికాల్ పూయొద్దు. పెట్టె గోడల లోపలి వైపు తీసిన గాడిలో వదులుగా కూర్చోవాలి. వానాకాలం తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కదలనివ్వకపోతే చీలుతుంది. గోడల అతుకులు ఆరాక చుట్టూ గీత కొట్టి, అప్పుడు రంపంతో మూత వేరు చేయండి. ఒకేసారి అడ్డంగా కోసేయకుండా నాలుగు వైపులా కొంచెం కొంచెం తిప్పుకుంటూ రండి. చివరి వైపుకు వచ్చేసరికి కోసిన సందుల్లో పల్చటి చెక్కముక్కలు దూర్చి తాడుతో కట్టండి. లేకపోతే మూత వాలి రంపాన్ని పట్టేస్తుంది. ఇలా చేస్తే గోడ మీది చారలు మూత మీదికి తెగకుండా ఎక్కుతాయి. విడిగా చేసిన మూతకు ఆ అందం ఎప్పటికీ రాదు.

చెక్కిన చోట గరుకు కాగితం తాకించకండి. రేకు అంచు అరిగి మొద్దుబారిపోతుంది. ఉలిని సానరాయి మీద నూరుకుంటే చాలు, అది కోసిన చోటే మెరుస్తుంది.

లోపల నూనె పూయకండి. మూసిన పెట్టెలో అవిసెనూనె ఆరదు, నెలల తరబడి వాసన కొడుతుంది. చెక్క వదిలే ఆమ్లానికి కాగితం పచ్చబడుతుంది కాబట్టి ఉత్తరాలు, ఫొటోలు నేరుగా చెక్కకు తగలకుండా ఉతికిన నూలుగుడ్డ పరచండి.