బూడిద మూత సూత్రం: సటీకా తాత్పర్యం

మూలం: షుగరుకు బూడిద మూత. పదిసార్లు తిప్పాలె, ఊపొద్దు.

అవతారిక: ఈ సూత్రం నల్లగొండ బస్టాండుకు దాపున ఒక రక్తపరీక్షల గదిలో, కుర్చీ ఎదుటి గోడకు అంటించిన అట్టముక్కపై కలదు. కర్త అజ్ఞాతుడు. లేఖనసాధనం స్కెచ్ పెన్ను. 'తిప్పాలె' అను క్రియారూపమును బట్టి కర్త ఈ గడ్డవాడేనని నిర్ణయింపవచ్చును.

ప్రతిపదార్థం: షుగరుకు = రక్తమందలి గ్లూకోజును కొలుచుటకు. (చాయలోకి అని చెప్పువారి మతం గ్రాహ్యం కాదు.) బూడిద మూత = బూడిదవన్నె మూత గల గొట్టము. గంగలో గొల్లపల్లె అన్నచోట గంగ ఒడ్డున అని గ్రహించినట్లు, ఇచట మూత అనగా మూత కాదు, గొట్టము కూడ కాదు. గొట్టం అడుగున అంటుకొని ఉన్న తెల్లని పొడి. పదిసార్లు = ఎనిమిదికి తగ్గక. తిప్పాలె = తలకిందులు చేసి మరల నిలుపవలెను. ఊపొద్దు = ఊపినచో ఎర్రకణములు పగులును గనుక వలదు.

తాత్పర్యం: షుగరు పరీక్షకు తీసిన రక్తం, యంత్రం దాకా చేరులోపల తన చక్కెరను తానే తినకుండ కట్టడి చేయవలెనని భావము.

టీక: ఆ పొడిలో రెండు లవణాలు. పొటాషియం ఆక్సలేటు రక్తాన్ని గడ్డకట్టనీయదు. దానితో మనకిప్పుడు పని లేదు. రెండోది సోడియం ఫ్లోరైడు. అవును, నల్లగొండ బోరింగు నీళ్లలోని ఆ ఫ్లోరైడే.

రక్తాన్ని ఒంట్లోంచి తీసేసినా కణాలకు ఆ కబురు అందదు. గొట్టంలో కూడా గ్లూకోజు తింటూనే ఉంటాయి, మామూలు గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం దాకా. ఆ తిండికి పది మెట్లు. తొమ్మిదో మెట్టు మీది ఎంజైము ఎనొలేజు. 1934లో లోమన్, మేయర్‌హాఫ్ అనే జర్మన్లు దాన్ని గుర్తించారు. తన దగ్గరికొచ్చిన అణువులోంచి ఒక్క నీటి అణువును ఊడబెరకడం దాని పని. మెగ్నీషియం చేయి పట్టనిదే ఆ పని సాగదు. ఫ్లోరైడు ఫాస్ఫేటును వెంటబెట్టుకొచ్చి, ఆ మెగ్నీషియాన్నే పట్టుకొని, ఎంజైము ఒడిలో బైఠాయిస్తుంది. దేవరకొండ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరేవాణ్ని చూసినవారికి ఇంక వివరించనక్కరలేదు. సీటు విరగలేదు, బస్సు చెడలేదు. కూర్చోవలసినవాడు మాత్రం నిలబడ్డాడు. ఇట్టిదానినే నిరోధకమందురు.

శంక: అడ్డుపడినది తొమ్మిదో మెట్టున గదా, మొదటి మెట్టున గ్లూకోజు తరుగుట వెంటనే ఎట్లాగును? ఆగదు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు కాడ బండ్లు నిలిచిపోయినా, హైదరాబాదులో బయల్దేరేవాడు బయల్దేరుతూనే ఉంటాడు. బారు వెనక్కి పెరిగి వాడి గల్లీ దాకా వస్తే తప్ప ఆగడు. గొట్టంలోనూ అంతే. మొదటి గంటా రెండు గంటలు గ్లూకోజు తరిగి, ఆ పైన నిలకడకొస్తుంది. మొదటి మెట్లనే పులుపుతో బిగబట్టే సిట్రేటు గొట్టాలు వేరే ఉన్నాయి. మన సూత్రకారుడు వాటి ఊసెత్తలేదు.

ఉదాహరణం: వ్యాఖ్యాతదే. ఒకచోట నా రక్తాన్ని పొద్దున ఏడింటికి ఎర్రమూత గొట్టంలో తీసి, మే నెల ఎండలో పన్నెండు దాటాక యంత్రానికెక్కించారు. 98 వచ్చింది. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ జిలేబీ తెప్పించి, నా వంతు రెండుసార్లు తిన్నాను. మరుసటి వారం ఇంకోచోట, బూడిద మూతలో, 131.

పూర్వపక్షం: మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, వరుసలో నా ముందున్నాయన, రక్తం తీసే అమ్మాయిని అడిగాడు: "అండ్ల ఉన్నది ఫ్లోరైడే గద బిడ్డా? నలభై ఏండ్లు బోరింగు నీళ్లు తాగితి. మరి నా షుగరెందుకు ఆగలే?"

సిద్ధాంతం: ప్రశ్న గట్టిది. జవాబు మోతాదులో ఉంది. తాగునీటిలో ఫ్లోరైడుకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఆఖరి హద్దు. గొట్టంలో అది 1000 దాటుతుంది. బోరింగు నీళ్లు ఆ హద్దుకు ఎన్ని రెట్లున్నా ఈ లెక్కకు రావు. కానీ ఏండ్ల తరబడి ఎముకలో చేరడానికి ఆ కొంచెమే చాలు. అక్కడ అది తువ్వాల వేయదు, ఇల్లే కట్టుకుంటుంది: ఎముక ఖనిజంలోని హైడ్రాక్సిల్‌ను నెట్టి ఆ చోట తానుంటుంది. తిరగని మెడ, వంగిన కాళ్లు అక్కడి నుంచి వచ్చినవే. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీళ్లు తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. టాంజానియా దాకా పోయింది ఆ పేరు. ఊరి పేరు పుస్తకాలకెక్కడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకకపోయెనా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

(ప్రాసంగికం: ఆ సున్నమే తాటిచెట్టెక్కితే తానే నిరోధకం. నీరా కుండ లోపల సున్నం పూస్తే, ఆ క్షారంలో పులియబెట్టే ఎంజైములు చేతులు ముడుచుకుంటాయి. నీరా తియ్యగనే దిగుతుంది. సున్నం మరిస్తే కల్లు. కొందరు కావాలనే మరుస్తారు.)

ఇదంతా నేను చెప్పేలోపే అమ్మాయి ఆయన రక్తం తీసి గొట్టాన్ని తిప్పసాగింది. పెద్దమనిషి పైకి లెక్కపెట్టాడు. ఏడు కాడ చెయ్యెత్తి, "ఇగ చాలు బిడ్డా, మా ఊరోళ్లకు గది ఎక్కువైతది" అన్నాడు. ఆమె మిగిలిన మూడూ తిప్పి, గొట్టాన్ని స్టాండులో పెట్టింది.