జిల్లా వచ్చింది, జనమే రావాలి

మార్కాపురం జిల్లా అయింది కాబట్టి ఇక వలసలు ఆగిపోతాయట. ఫ్లెక్సీల మీదా ఇదే మాట, సభల్లోనూ ఇదే మాట. ఎలా ఆగుతాయని అడగడం మర్యాద కాదు. 2025 ఆఖరి రోజున పుట్టిన జిల్లా అది. పసిబిడ్డను ఎత్తుకుని సంపాదనెంత అని అడుగుతామా? అయినా జవాబు తేలికే. కలెక్టరేట్ వస్తుంది. అందులో ఉద్యోగులుంటారు. వాళ్లు ఒంగోలు నుంచి బదిలీ మీద వస్తారు. అంటే మార్కాపురానికే వలసలు మొదలవుతాయన్నమాట. పోయే జనానికీ వచ్చే జనానికీ చెల్లుకు చెల్లు.

జిల్లా వద్దని కాదు. గిద్దలూరు అవతలి పల్లె నుంచి ఒక్క సంతకం కోసం వంద కిలోమీటర్లు దాటి ఒంగోలు పోయి, సారు మీటింగులో ఉన్నాడని తెలుసుకుని తిరిగొచ్చిన జనానికి కొత్త జిల్లా న్యాయంగా రావలసిందే. ఇకమీదట సారు మార్కాపురంలోనే మీటింగులో ఉంటాడు. బస్సు చార్జీ మిగులుతుంది. నా పేచీ జిల్లాతో కాదు, మ్యాపు మీద గీత గీస్తే వాన పడుతుందన్న నమ్మకంతో.

గీతలు మాకు కొత్త కాదు. 1970 దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. ఆ ఏడు ఫిబ్రవరిలో కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. మా తాతలు మంచం మీంచి లేవకుండానే రాయలసీమ నుంచి కోస్తాకు మారిపోయారు. సముద్రం మాత్రం వాళ్లతోపాటు రాలేదు. ఆ తర్వాత చీమకుర్తి గ్రానైటు, తీరంలో రొయ్యల చెరువులు, చీరాల మగ్గాలు, గిద్దలూరు కరువు అన్నీ కలిపి సగటు తీశారు. సగటున మేం బాగానే ఉన్నామని తేలింది.

ఆ సగటు ఖరీదు 2014లో తెలిసింది. రాష్ట్ర విభజన చట్టం 46వ సెక్షన్ కింద రాయలసీమకు, ఉత్తరాంధ్రకు వెనుకబాటు ప్యాకేజీ అన్నారు. ఏడు జిల్లాలకు ఏటా తలా 50 కోట్లు. కర్నూలు ఉంది, ప్రకాశం లేదు. నల్లమలకు ఆ పక్క నంద్యాల వెనుకబడి ఉంది, ఈ పక్క గిద్దలూరు వెనుకబడలేదు. 1970లో మమ్మల్ని కర్నూల్లోనే ఉండనిచ్చి ఉంటే 2014లో మేమూ ఎంచక్కా వెనుకబడి ఉండేవాళ్లం. వెనుకబడటానికి కూడా సరైన జిల్లాలో పుట్టిన అదృష్టం ఉండాలి.

అదే ఏడు జూన్ 2న ఇంకో గీత పడింది. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయిన మార్కాపురం కూలీ జూన్ 1 రాత్రి సొంత రాష్ట్రంలో పడుకుని, పొద్దున్నే పరాయి రాష్ట్రంలో లేచాడు. కప్పుకున్న దుప్పటి అదే, నిల్చునే అడ్డా అదే. చట్టం దృష్టిలో మాత్రం రాత్రికి రాత్రి అతను రాష్ట్రం దాటిన మనిషి. అప్పటిదాకా తనకు వర్తించని ఒక చట్టం నిద్రలో వచ్చి తల దగ్గర నిలబడిందని ఆ అమాయకుడికి ఎవరూ చెప్పలేదు.

ఆ చట్టం 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. కాగితం మీద బంగారం. అయిదుగురు వలస కూలీలుంటే చాలు, అది వర్తించేది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి. కూలీకి ఫొటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలి. ఇల్లు వదిలి వచ్చినందుకు నెల జీతంలో సగం భత్యం, పోను రాను ఖర్చులు వేరే. ఇంత మంచి చట్టాన్ని 1980 అక్టోబరు 2న, సాక్షాత్తూ గాంధీ జయంతి నాడు అమల్లోకి తెచ్చారు. ఇప్పుడు ఏ అడ్డాకైనా పోయి పాసుపుస్తకం చూపించమనండి. బ్యాంకుదా, పొలానిదా అని అడుగుతారు.

నలభై అయిదేళ్లు ఎవరూ ముట్టుకోని చట్టం కొత్తగానే ఉంటుంది కదా, అయినా పాతబడిందన్నారు. 2025 నవంబరు 21న దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ దిగింది. అయిదుగురు అన్న లెక్క పదిమంది అయింది. ఇల్లు వదిలిన భత్యం మాయమైంది. ఎటూ ఇవ్వని భత్యమే కాబట్టి పోయినా ఎవరికీ తెలియలేదు. ఇచ్చేది తీసేస్తే గొడవ అవుతుంది. ఇవ్వనిది తీసేస్తే సంస్కరణ అవుతుంది.

ఇదంతా రాష్ట్రం దాటిన భాగ్యవంతుల సంగతి. దాటనివాళ్ల మాటేమిటి? సంక్రాంతి పోగానే పడమటి పల్లెలు గుంటూరు, పల్నాడు మిరప చేలకు కదులుతాయి. మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు, ఆటోలో ఎక్కిస్తాడు, చేలో టార్పాలిన్ గుడారం చూపిస్తాడు. పిల్లల బడి ఊళ్లో, పిల్లలు చేలో. ఈ కుటుంబం చట్టం ప్రకారం వలస పోలేదు. ఒకే రాష్ట్రంలో అటూ ఇటూ తిరిగింది, అంతే. హైదరాబాద్ పోతే పరాయి రాష్ట్రం, గుంటూరు పోతే షికారు!

ఉన్నచోట చట్టానికి కనబడని మనిషి లెక్కల్లోనైనా కనబడాలి కదా. మార్కాపురం పట్టణం జనాభా 2011లో సుమారు 71 వేలు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. సర్కారు లెక్కలో ఊరు అక్కడే ఆగిపోయింది. ఊరికి ఆ సంగతి తెలియక పెరుగుతూనే ఉంది. వచ్చే గణన 2027 ఫిబ్రవరిలో, మార్చి 1 ప్రమాణ తేదీగా. ఫిబ్రవరి అంటే మిరప కోతలు మంచి జోరు మీదుండే కాలం. గణకుడు వచ్చేసరికి మా పల్లెల్లో ముసలివాళ్లు, తాళాలు ఉంటాయి. ఆ నెలంతా ఊళ్లో లేనివాణ్ణి, ఉన్న చోటే రాసుకుంటారు. చేలో గుడారం ఇల్లా కాదా అన్నది అక్కడి గణకుడి దయ. కాదంటే అతను ఇల్లు లేనివాడు. ఊళ్లో ఉన్న ఇల్లేమో మనిషి లేని ఇల్లు. ఆ అంకెలు చూసి, పడమటి మండలాల్లో జనం తగ్గారు కాబట్టి బళ్లూ ఆసుపత్రులూ తగ్గించవచ్చని రేపు ఎవరో నివేదిక రాస్తారు.

చైనా వాళ్లు 1958లో హుకౌ అని పద్ధతి పెట్టారు. పుట్టిన ఊళ్లో నమోదై ఉంటేనే హక్కులు. పట్నం పోతే పని దొరకవచ్చు కానీ పట్నవాసం దొరకదు. వాళ్లది నియంతృత్వం, చట్టం రాసి మరీ చేశారు. మనది ప్రజాస్వామ్యం. దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా ఉండవచ్చని రాజ్యాంగం 19వ అధికరణలో రాసుకున్నాం. చైనా వాళ్లు రాసి చేసిన పని మనం రాయకుండానే చేస్తున్నాం.

వలస ఆగాలంటే నీళ్లు కావాలని తెలియనివాడు పడమటి ప్రకాశంలో లేడు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం నీళ్లను నల్లమల కిందుగా దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాల్లో తేవాలి. 2024 మార్చి 6న ఆ సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజుకు నీళ్లు రాలేదు, ముంపు ఊళ్ల పునరావాసం తీరలేదు. అయితేనేం, ముందు అంకితం, తర్వాత నీళ్లు. పొరుగునే కంభం చెరువుంది. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. దాన్ని కట్టించిన నాటికి జిల్లా లేదు, కలెక్టరేట్ లేదు, పాపం ఫ్లెక్సీ కూడా లేదు. నీళ్లు మాత్రం నిలిచాయి.

నీళ్లు రాకపోయినా ప్లాట్లు వచ్చాయి. 2014లో రాజధాని అక్కడేనన్న పుకారుకే దొనకొండ చుట్టూ ఎకరాలు ఎగిరాయి. ఇప్పుడు పుకారు కాదు, అచ్చంగా జిల్లా. కలెక్టరేట్ ఎక్కడో తేలకముందే దానికి కూతవేటు దూరంలో వెంచర్లు తేలతాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అనుమతి లేదంటారా? లేకపోతే ఏం? అక్రమ లేఅవుట్లకు క్రమబద్ధీకరణ 2007 చివర్లో తెచ్చారు, 2020లో తెచ్చారు, 2025లో మళ్లీ తెచ్చారు. ప్లాటు తప్పు చేస్తే రుసుము కట్టించుకుని క్షమిస్తారు. ఆ ప్లాటులో ఇల్లు కట్టిన బేల్దారి కూలీ పట్నంలో రోడ్డు పక్కన గుడిసె వేసుకుంటే క్షమించే పథకం ఏ ప్రభుత్వమూ తేలేదు.

కాబట్టి నాదొక మనవి. మా కూలీలను ప్లాట్లుగా ప్రకటించండి. ఒక్కొక్కరికి ఒక సర్వే నెంబరు, నాలుగు హద్దులు, ఒక రిజిస్ట్రేషన్ విలువ వస్తాయి. ఎక్కడున్నా రికార్డుల్లో ఉంటారు. కబ్జా చేస్తే కేసవుతుంది. తప్పు చేస్తే మూడేళ్లకో అయిదేళ్లకో క్రమబద్ధీకరణ ఎటూ ఉంది.

అది కుదరకపోతే ఇంకో తేలిక దారి ఉంది. గీత కదిలితే మనిషి హక్కులు మారిపోతున్నాయి; మనిషి కదిలితే హక్కులు అతనితో పోవడం లేదు. పోవడం అసాధ్యమేమీ కాదు. 2019 ఆగస్టులో రేషన్ బియ్యం ఆంధ్ర, తెలంగాణ సరిహద్దు దాటాయి. ఆకాశం విరిగి పడలేదు. బియ్యం దాటినచోట భవన కార్మికుడి నమోదు, పిల్లల బడి, ప్రమాద పరిహారం దాటలేవా? వీటిలో భవన కార్మికుడి ప్రయోజనాలను దాటించే పథకం తెస్తామని కొత్త కోడ్‌లోనే ఒక సెక్షన్ ఉంది. కొత్త జిల్లా చేయవలసిన మొదటి పని, సంక్రాంతి దాటాక ఏ ఊరి నుంచి ఎందరు, ఏ మేస్త్రి వెంట, ఎక్కడికి పోయారో ప్రతి గ్రామ సచివాలయంలో రాసిపెట్టడం. గుంటూరు పోయినా హైదరాబాద్ పోయినా ఒకే పుస్తకంలో. దీనికి సొరంగం తవ్వక్కర్లేదు, సరిహద్దు జరపక్కర్లేదు, వంద పేజీల రిజిస్టరు చాలు. చిక్కల్లా ఒకటే: రిజిస్టరుకు శంకుస్థాపన కుదరదు.