హంపికి బండి మాట్లాడుకోకండి

హోస్పేట స్టేషన్లో దిగగానే ఆటోవాళ్లు చుట్టుముడతారు. హంపి మొత్తం ఒక్క రోజులో చూపిస్తామంటారు. వాళ్ల పొట్ట కొట్టాలని కాదు గానీ, ఒప్పుకోకండి. ఉన్నది 13 కిలోమీటర్లే. నడవండి. ఇంట్లో చెబితే పిచ్చి సలహా అంటారు. అననివ్వండి.

హంపి అసలు హంపిలో మొదలవదు. హోస్పేట కూడా శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఊరే, అప్పటి పేరు నాగలాపురం. 1520 ప్రాంతంలో ఇటు వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, ఇక్కణ్ణుంచి రాజధాని దాకా వెడల్పాటి బాట ఉందనీ, రెండు వైపులా ఇళ్లూ అంగళ్లూ ఉన్నాయనీ, నడిచేవాళ్లకు నీడ కోసం రాజు చెట్లు నాటించాడనీ రాశాడు. నడిచేవాళ్ల కోసం వేసిన దారి అది. దాన్ని అరగంటలో ఆటోలో దాటేసి విజయనగరం చూశామంటే ఎలా?

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు బస్సెక్కండి. టికెట్టు మాత్రం హంపికి తీసుకోకండి. ఊరు దాటీ దాటగానే అనంతశయనగుడి వస్తుంది, అక్కడ దిగిపోండి. 1524లో రాయలు కట్టించిన గుడి. గర్భగుడిని చూడండి. పడుకున్న స్వామికి సరిపడేలా అడ్డంగా పొడుగ్గా కట్టారు. పొడుగాటి పీఠం ఉంది, స్వామి లేడు. బస్సు వెళ్లిపోయిందని బెంగ వద్దు, ఇంకోటి వస్తుంది. కాసేపు కూర్చోండి.

హంపి బజారుకు ముందు కృష్ణాలయం దగ్గర కూడా ఆగాల్సిందే. నెల్లూరు సీమవాళ్లయితే మరీను. ఉదయగిరి కోటను గెలిచి, అక్కణ్ణుంచి తెచ్చిన బాలకృష్ణుణ్ణి 1515లో రాయలు ఇక్కడ ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మన ఊరి దేవుడు ఇన్నేళ్లున్న ఇంటిని కారు అద్దంలోంచి చూసి పోతే నాకు మనసొప్పదు.

విఠలాలయానికి రోడ్డు మీదుగా వెళ్లేవాళ్లను బండ్ల స్టాండు నుంచి బ్యాటరీ బండ్లలో గుడి ముందు దించుతారు. అందరూ యాభై రూపాయల నోటు మీది రాతిరథం కోసం తొందరపడతారు. మీరు తొందరపడకండి, బ్యాటరీ బండి ఎక్కకండి. ఆ కిలోమీటరు దారిలో కుదురెగొంబె మండపం ఉంది. దాని ముందు వరస స్తంభాల్లో గుర్రాలు ముందు కాళ్లెత్తి నిలబడి ఉంటాయి, మీద రౌతులు. ఆ పక్కన బారులు తీరిన రాతి స్తంభాలు ఒకప్పటి విఠల బజారువి. ఇవి చూస్తూ పొద్దుపోయి గుడి తలుపులు మూసేస్తే రథం రేపు చూడండి. రేపు ఉండే వీలు లేకపోతే రథాన్ని వదిలేయండి, గుర్రాలను వదలకండి.

ఈ నడకంతా కార్తీకం నుంచి మాఘం దాకానే. బళ్లారి సీమ ఎండాకాలంలో రాళ్లు సెగలు కక్కుతాయి. అప్పుడు వెళ్లక తప్పకపోతే తెల్లవారుజామునే బయల్దేరి, ఎండెక్కేలోగా నీడ పట్టుకోండి. నీళ్ల సీసా ఒక్కటి చాలదు.

ఇక తిరుగు ప్రయాణం. వచ్చిన దారినే హోస్పేట వెళ్లకండి. తలారిఘట్ట రేవులో పుట్టి ఎక్కి తుంగభద్ర దాటి ఆనెగొంది చేరండి. విజయనగరం కంటే పాత ఊరది. డ్యాం గేట్లు ఎత్తినప్పుడు పుట్టి వేయరు, వేయమని బతిమాలకండి, వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లండి. అటు ఒడ్డు నుంచి గంగావతికి బస్సులుంటాయి. చిల్లర దగ్గర పెట్టుకోండి.