చందా బుక్కు చేతికొచ్చిన కొత్త కార్యదర్శికి

ముందు ఛత్తా బజార్‌కు వెళ్లండి. షాదీ కార్డులూ వలీమా కార్డులూ అచ్చేసే ప్రెస్సుల్లోనే మన రశీదు బుక్కులూ తయారవుతాయి. ప్రెస్సాయన తలెత్తకుండానే అడిగే మొదటి మాట: "నంబరు ఎక్కడికెళ్లి ఎయ్యాలె?" కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఒకటి నుంచి అంటారు. ఒకటో నంబరు రశీదు చూసిన దుకాణదారుకు బోణీ తనతోనే అవుతోందని తెలిసిపోతుంది. యాభై కాగితం తీసి చేతిలో పెడతాడు. అందుకే 501 నుంచి వేయించండి. మీకంటే ముందు ఐదువందల మంది ఇచ్చేశారన్న సంగతి మీరు నోటితో చెప్పక్కర్లేదు, ఎర్ర సిరా అంకె చెబుతుంది. మా బస్తీ కమిటీకి నేను పన్నెండేళ్లకు పైనే కార్యదర్శిని. మొదటి పన్నెండేళ్లూ 501తోనే మొదలుపెట్టాను.

బుక్కులో ప్రతి కాగితానికీ ఎడమ పక్కన ఒక ముక్క మిగులుతుంది. చించి ఇవ్వగా మన దగ్గర ఉండిపోయేది. దాని మీద ఏమీ రాయకండి. రాస్తే లెక్క పుడుతుంది. పుట్టిన లెక్క ఊరికే ఉండదు, పెరుగుతుంది, ఒకరోజు మీటింగుకొచ్చి కుర్చీ అడుగుతుంది.

ఇక కరపత్రం. "యావన్మంది భక్తులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టండి. ఏమనగా తర్వాత ఏమీ అనకపోయినా పరవాలేదు. "తను, మన, ధన సహకారం" అన్న మాట తప్పకుండా ఉండాలి. మొదటి రెండూ మామూలు అక్షరాల్లో, మూడోది లావు అక్షరాల్లో. పోయినేడాది ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది కరపత్రం వెనక వైపు వేద్దామని కమిటీలో ఎవడో ఒక డిగ్రీ కుర్రాడు అంటాడు. వాడికి వెంటనే ఒక పదవి ఇవ్వండి. సాంస్కృతిక కార్యదర్శి బాగుంటుంది, పని ఉండదు.

బయల్దేరే వేళ గురించి. ఆషాఢంలో గోల్కొండ బోనాలు ముందు, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత మన లాల్ దర్వాజా సింహవాహిని. పాతబస్తీ వంతు వచ్చేసరికి "మా అత్తగారి బస్తీల ఇచ్చినం, మా తమ్ముని బస్తీల ఇచ్చినం" అనే జవాబులు జనానికి కంఠతా వచ్చి ఉంటాయి. అందుకని జ్యేష్ఠంలోనే కదలాలి. ఏడుగురికి తక్కువ వెళ్లొద్దు. ఇద్దరు వెళితే అడగడానికి వెళ్లినట్టుంటుంది. ఏడుగురు వెళితే వచ్చినట్టుంటుంది, అంతే. గౌలిపుర అయినా ఛత్రినాక అయినా, దుకాణంలో గిరాకీ ఉన్నప్పుడే ఎక్కండి. మెట్ల మీద ఏడుగురు నిలబడితే చీర కొనడానికొచ్చిన ఆవిడ లోపలికి రాలేదు, లోపలున్నావిడ బయటికి పోలేదు. అప్పుడు సేటు లెక్క త్వరగా తేలుతుంది.

చరిత్ర వాడటం నేర్చుకోండి. లాల్ దర్వాజాలో పెద్దలు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు, దివాను కిషన్ పెర్షాద్ మాట మీద ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బంగారు చాటలో పసుపు కుంకుమలు, ముత్యాలు పెట్టి నదికి సమర్పించాడని. దీన్ని పత్తర్‌గట్టి దుకాణాల్లో వాడాలి. "నిజాం సర్కారే బంగారం ఇచ్చిండు చాచా, మీరు వెయ్యి ఇయ్యరా?" అనాలి. అదే వరదలో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ ముచ్చట మాత్రం ఎత్తకండి. ఆ చెట్టు ఎవరి దగ్గరా చందా వసూలు చెయ్యలేదు, పోలిక మనకు బాగుండదు.

ఫ్లెక్సీ మీద పెద్దగా చెప్పేదేం లేదు. పైన నాయకుడు, పక్కన నాయకుడి తమ్ముడు, కింద వరసగా మనం, మూలన అమ్మవారు. తేదీకి చోటు మిగిలితే వేయించండి.

మైకు దగ్గరే మన విద్య బయటపడుతుంది. వెనకటికి ఊళ్లో చాటింపు వేసేవాడు డప్పు నాలుగు దెబ్బలు కొట్టి, ఒక్క ముక్క చెప్పి, ముందు వీధికి పోయేవాడు. చాలా వెనకబడిన పద్ధతి. జనం విని, అర్థం చేసుకుని, ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. మనం అలా పోనివ్వకూడదు. "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అన్నది కనీసం పావుగంట నడవాలి. తర్వాత దాతల పేర్లు. ఒక్కో పేరుకు ముందు "ప్రముఖ వ్యాపారవేత్త, సంఘసేవకులు, దానశీలి" అని మూడు విశేషణాలు, వెనక వెయ్యి నూటపదహార్లు. 116 ఇచ్చినవాళ్ల పేర్లు రాత్రి భోజనాల వేళ, ప్లేట్ల చప్పుడులో చదవండి. రేపు నల్లా నీళ్లు రావని, ఫలానా స్కూల్లో పోలియో చుక్కలు వేస్తారని చెప్పమని ఎవరో ఒకరు చీటీ పంపుతారు. ఆ చీటీ జేబులో పెట్టుకోండి. ఇస్త్రీకి వేసేటప్పుడు దొరుకుతుంది.

ఒకసారి నాలుగేళ్ల పిల్లవాడు తప్పిపోయి మా పందిరి దగ్గరికి వచ్చాడు. నీలం చొక్కా, ఒక కాలికే చెప్పు. జనరేటర్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, దొన్నెలో బూందీ పోసి ఇచ్చాం. వాడు ఒక్కో బూందీ గింజా ఏరుకుని తింటున్నాడు. నా చేతిలో దాతల జాబితా ఉంది, ముప్ఫై ఎనిమిదో పేరు దగ్గరున్నాను. మధ్యలో ఆపితే ముప్ఫై తొమ్మిదో ఆయన నొచ్చుకుంటాడు. జాబితా అయిపోయాక, అధ్యక్షులవారి నాలుగు మాటలు అయిపోయాక, "నీలం చొక్కా బాబు తాలూకు వాళ్లు ఎక్కడున్నా రావాలె" అని పిలిచాను. ఎక్కడికి రావాలో చెప్పడం మర్చిపోయాను. అదే గల్లీలో పది అడుగుల అవతల వాళ్లమ్మ ఇంటింటికీ తిరుగుతోంది. మన మైకుల మోతలో ఆమె పిలుపు మనకు వినబడలేదు, మన పిలుపులో చోటు పేరు ఆమెకు వినబడలేదు. చివరికి పిల్లవాడే అమ్మ గొంతు గుర్తుపట్టి కుర్చీ దిగాడు. మర్నాడు "మా కమిటీ తప్పిపోయిన బాలుణ్ని తల్లి ఒడికి చేర్చింది" అని మైకులో మూడుసార్లు చెప్పించాను. ఈ భాగం నేర్చుకోండి.

రూల్స్ అంటారు కొందరు. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలున్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 దాటకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్దంగా ఉంచవచ్చు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. మీకు కావలసింది ఈ చివరి ముక్క ఒక్కటే. ఆ పదిహేను రోజులూ ఊరందరికీ కలిపి అని చదవకండి. మన గల్లీ పదిహేను వేరు, పక్క గల్లీ పదిహేను వేరు. షాలిబండ నుంచి ఉప్పుగూడ దాకా గల్లీలు లెక్కపెడితే ఏడాదికి రోజులే చాలవు.

ఇప్పుడు వినాయకచవితి గురించి ఒక హెచ్చరిక. మన దక్షిణాన, నగరం అంచున, బాలాపూర్ అనే ఊరుంది. నిమజ్జనం రోజున ఆ ఊరి వినాయకుడు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్, షాలిబండ మీదుగా చార్మినార్‌కు వస్తాడు కాబట్టి వాళ్లను చూడలేదని తప్పించుకోలేం. వాళ్లు 1994లో లడ్డూను వేలం వేశారు. కొలను మోహన్ రెడ్డి 450 రూపాయలకు పాడుకున్నారు. 2024లో అదే లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. 2025లో 35 లక్షలు. కరోనా ఏడు 2020లో తప్ప పాట ఆగలేదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ వాళ్లు ఆ డబ్బును గుడికి, బడికి, ఊరి పనులకు ఖర్చు పెట్టి, ఏ ఏడు ఎంత పలికిందో పేరుతో సహా అందరికీ చెప్పుకుంటారు. ఒక్క లడ్డూతో చుట్టుపక్కల కమిటీలన్నిటి నోట్లో మట్టి కొట్టారు. ఇప్పుడు మన గల్లీలో చిన్న పిల్లవాడు కూడా "అన్నా, మన లడ్డు పైసలు ఏడ వోయినయ్?" అంటాడు.

మీరు వేలం పెడితే పాట గట్టిగా పాడించండి, వసూలు మెల్లగా చెయ్యండి. లక్షా పదివేలకు పాడినవాడికి శాలువా ఆ రాత్రే కప్పాలి. పైసలు వచ్చే వినాయకచవితికి. అప్పటికి వాడు ఇల్లు మారి ఉంటాడు, మనకు ఆ అంకె మిగిలి ఉంటుంది. మన వేలం చరిత్రలో రాసుకోవడానికి అంకె చాలు.

ఫోన్‌లో స్కాన్ చేసి పంపుతామనే వాళ్లతో జాగ్రత్త. డబ్బు పోకముందే తెరమీద ఖాతాదారు పేరు కనబడుతుంది. అమ్మవారి బొమ్మ కింద కోడ్ అంటించి, కోశాధికారి బామ్మర్ది పేరు వస్తే జనం వేలు ఆగిపోతుంది. ఇంకో రకం నగల దుకాణం సేట్లు. వాళ్లు "80జి ఉన్నదా" అని అడుగుతారు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదైన సంస్థకు ఇస్తేనే ఆ పన్ను మినహాయింపు, అందులోనూ నగదు 2,000 దాటితే లేదు. అలా అడిగిన దుకాణం మెట్లు మళ్లీ ఎక్కకండి. అడగడం అంటువ్యాధి.

వరద చందా వేరే పని, వేరే గుండె కావాలి. 2020 అక్టోబరు మధ్యలో కురిసిన వానలకు ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ మునిగింది. గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్‌లోకి నీళ్లు వచ్చాయి. అలాంటప్పుడు సాయానికి వెళ్లే ముందు, ఏం కావాలని ఎవర్నీ అడగొద్దు. అడిగితే చెబుతారు. మేం అడగకుండా ఒక ఆటో నిండా పాతబట్టలు పోగేసుకుని వెళ్లాం. ముందు బ్యానర్, వెనక బట్టలు. ఒక గుమ్మంలో ఒకావిడ మోకాలి దాకా బురదలో నిలబడి ఉంది. గోడకు నీళ్ల గీత ఆమె భుజాల ఎత్తున ఉంది. మూట ఆమె చేతిలో పెట్టి ఫోటోకు సర్దుకున్నాం. ఆమె మూట విప్పింది. పైనే ఎవరి పెళ్లిదో జరీ పంచె ఒకటి. దాన్ని మళ్లీ మడతపెట్టి, "అన్నా, వైపర్ ఉన్నదా?" అంది. లేదన్నాం. "ఫినాయిల్?" అంది. ఫోటో చాలా బాగా వచ్చింది. ఆమె అడిగింది ఫోటోలో వినబడదు.

చివరగా అత్తరు దుకాణం చాచా. ప్రతి బస్తీకి ఇలాంటివాడు ఒకడు ఉంటాడు కాబట్టి చెబుతున్నాను. మాకు దొరికినాయన ఏటా 500 ఇచ్చేవాడు. గిరాకీ ఉన్నా లేకున్నా, ఏడుగురం వెళ్లినా ఒక్కణ్నే వెళ్లినా 500. నిజాం చాట ముచ్చట చెబితే "హౌ, సునా" అని నవ్వేవాడు. రశీదు ఇవ్వగానే వెనక గోడకున్న ఇనప ఊచకు గుచ్చేవాడు. కరెంటు బిల్లులు, నల్లా బిల్లులు, మన రశీదులు అన్నీ ఒకే ఊచకు.

పన్నెండో ఏడు నేను వెళ్లినప్పుడు దుకాణంలో ఎవరూ లేరు. చాచా గల్లాలోంచి 500 తీసి అద్దం మీద పెట్టాడు. నేను రశీదు చించి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నంబరు చూసి, లేచి, ఊచ మీంచి బిల్లులన్నీ ఊడదీసి, మనవి మాత్రం ఏరి, బల్లమీద పేకముక్కల్లా పరిచాడు. పసుపు తేలినవి, అంచులు చీకినవి, అత్తరు మరకలు పడ్డవి. కొత్తదాంతో కలిపి పన్నెండు. 517. 508. 531. 517. మళ్లీ 517. ఈ ఏటిది కూడా 517.

నేను గొంతు సవరించుకున్నాను. లెక్కల కాగితం ఇంట్లో ఉంది, రేపు తెస్తానని అనబోయాను.

"నక్కో బేటా, హిసాబ్ నక్కో," అన్నాడు చాచా, రశీదులన్నీ మళ్లీ ఊచకు గుచ్చుతూ. "నంబర్ తో బదల్."

ఆ మరుసటి ఏడు ప్రెస్సాయన తలెత్తకుండా అడిగినప్పుడు 801 అన్నాను. మీరూ ఏటేటా మార్చండి.