గోపన్‌పల్లి టీక: రెండు పంక్తుల ప్యాచ్

అవతారిక: జైలింక్స్ చిప్పుల మీది ఈథర్నెట్‌ను లినక్స్ చేత నడిపించే డ్రైవరు ఆక్సీనెట్. జైలింక్స్ కంపెనీకి హైదరాబాదులోనూ కేంద్రం ఉండేది. 2022లో ఏఎండీ ఆ కంపెనీని కొన్నది. ఆక్సీనెట్ ప్రోబ్ (పరికరాన్ని పనికి సిద్ధం చేసే దశ) విఫలమైనప్పటి శుభ్రతను సరిచేసిన 2021 నాటి ప్యాచ్‌లోనిదీ మూలం. శేరిలింగంపల్లి మండలం గోపన్‌పల్లి వాస్తవ్యుడు టీకాకారుడు.

మూలము:
− గోటో ఫ్రీ_నెట్‌డెవ్;
+ గోటో క్లీనప్_క్లాక్;

ప్రతిపదార్థము: − = పూర్వులు రాసినదే అయినా కొట్టివేయదగినది; గోటో = ఉన్నచోటు విడిచి దూకుము; ఫ్రీ_నెట్‌డెవ్ = పరికరం పేర తీసుకున్న మెమరీని మాత్రమే విడిచే చోటికి; + = చేర్చదగినది; గోటో = దూకుము; క్లీనప్_క్లాక్ = ముందు క్లాక్‌ను ఆపే చోటికి; ; = ఇంతే, ఇక వాదించకుము.

అన్వయము: ప్రోబ్ మొదట మెమరీ తీసుకుంటుంది, పిదప క్లాక్ ఆన్ చేస్తుంది, ఆపై రిజిస్టర్లు మ్యాప్ చేస్తుంది. మూడో మెట్టున కాలు జారితే ఎక్కిన వరుసకు ఎదురు వరుసలో దిగాలి. పాత దారి నడిమి మెట్టును దాటేసింది. కొత్త దారి క్లాక్ ఆపి, ఆ కిందనే ఉన్న ఫ్రీ_నెట్‌డెవ్‌లోకి తనంతట దిగుతుంది. కనుక కొట్టేసిన పని పోలేదు. దానికి ముందొక పని చేరింది.

ఆక్షేపము: "రీబూట్ చేస్తే సరి, ఒక్క క్లాక్‌కు ఇంత టీకయా?" అని నల్లగండ్ల శాఖ.

సమాధానము: ప్రోబ్ ఒక్కసారితో ముగియకపోవచ్చు. కావలసిన మరో డ్రైవరు సిద్ధంగా లేకుంటే వెనుదిరిగి, లినక్స్ మూలభాగమైన కెర్నెల్ పిలిచినప్పుడు మళ్లీ మొదలవుతుంది. క్లాక్‌ను ఎనేబుల్ చేసిన ప్రతిసారీ లెక్క ఒకటి పెరుగుతుంది. లెక్క సున్నాకు రానిదే క్లాక్ ఆగదు. మామూలు ప్రోగ్రామ్ చస్తే దాని మెమరీని కెర్నెల్ తీసుకుంటుంది. కెర్నెలే మరిచిన దాన్ని ఎవరు తీసుకోవాలి?

మరో ఆక్షేపము: "గోటో హానికరమని 1968లోనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా తేల్చాడు గదా?" అని తెల్లాపూర్ శాఖ. నిజమే. అయితే ఓడినచోటి నుంచి వరుసగా దిగడానికి గోటో వాడటం కెర్నెల్ సంప్రదాయంలో శిష్టసమ్మతం.

అలంకారము: తప్పు పుట్టిన కమిట్ (నమోదైన మార్పు) గుర్తులో కనీసం మొదటి 12 అక్షరాలను ప్యాచ్ వివరణలోని ఫిక్సెస్ పంక్తిలో రాయాలి. తప్పు చేసినవాణ్ణి తిట్టక తప్పు చిరునామా మాత్రమే చెప్పుటచే ఇది నింద కాదు, స్వభావోక్తి.

తాత్పర్యము: ఓ ప్రోగ్రామరూ! తీసుకున్నదంతా ఎదురు వరుసలో తిరిగి ఇవ్వవలెనని భావము. గెలిచిన దారిలో టెస్టింగ్ టీమంతా రోజూ నడుస్తుంది. ఓడిన దారిలో నడిచేవారు అరుదు గనుకే లీకులు అక్కడ కాపురముంటాయి. ప్యాచ్ చేతికొస్తే ముందు ఆ దారినే చదువుము.